పుట్టుకా, పెంపకమా: శాతాలు చెప్పేది, చెప్పనిది

1934లో నార్వేలో ఒక తల్లి తన ఇద్దరు పిల్లలతో ఆస్బ్యోర్న్ ఫోలింగ్ అనే వైద్యుడి దగ్గరకు వెళ్లింది. పుట్టినప్పుడు ఇద్దరూ అందరు పిల్లల్లాగే ఉన్నారు. నెలలు గడిచేకొద్దీ బుద్ధి ఎదుగుదల ఆగిపోయింది. అమ్మాయికి ఆరేళ్లు దాటినా కొద్ది మాటలు మించి రాలేదు. నాలుగేళ్లకు దగ్గరపడుతున్న పిల్లవాడు నడవనూ లేడు, పలకనూ లేడు. పిల్లల దగ్గర ఏదో వింత వాసన వస్తోందని ఆమె చెబుతూ వచ్చింది. ఫోలింగ్ పిల్లల మూత్రంలో కొన్ని చుక్కల ఫెరిక్ క్లోరైడ్ వేసి చూశాడు. అది ముదురు ఆకుపచ్చ రంగుకు తిరిగింది. ఆ పరీక్షలో అలాంటి రంగు రావడం ఆయన అంతకు ముందు చూడలేదు.

ఆ రంగు వెంటపడి ఆయన పట్టుకున్న జబ్బును ఇప్పుడు ఫినైల్‌కీటోన్యూరియా అంటున్నాం. పాలు, గుడ్లు, మాంసం, పప్పులు, ఇలా మాంసకృత్తులున్న ప్రతి తిండిలోనూ ఫినైల్అలనిన్ అనే పదార్థం ఉంటుంది. దాన్ని మార్చే ఎంజైమును తయారుచేయాల్సిన జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా లోపంతోనే వస్తే, ఆ పదార్థం రక్తంలో పేరుకుపోయి, ఎదుగుతున్న మెదడును దెబ్బతీస్తుంది. 1960ల మొదట్లో అమెరికాలో రాబర్ట్ గత్రీ దీనికి తేలికైన పరీక్ష కనిపెట్టాడు. పుట్టిన కొద్ది రోజులకే బిడ్డ మడమ మీద సన్నని సూదితో గుచ్చి, ఊరిన రక్తపు చుక్కను వడపోత కాగితానికి అద్దుతారు. జబ్బు ఉందని తేలితే ఫినైల్అలనిన్ బాగా తగ్గించిన తిండి పెడతారు. అలా పెరిగిన పిల్లలు అందరితోపాటు బడికి వెళ్తారు, ఉద్యోగాలు చేస్తారు.

ఇప్పుడు చెప్పండి. ఫోలింగ్ చూసిన పిల్లల మందబుద్ధికి కారణం జన్యువా, తిండా? ఆ జన్యులోపం లేని బిడ్డ అదే తిండి తిన్నా ఏమీ కాదు కాబట్టి నూరు శాతం జన్యువే అనవచ్చు. లోపం ఉన్న బిడ్డకు ఆ తిండి పెట్టకపోతే మెదడు చెడదు కాబట్టి నూరు శాతం తిండే అనీ అనవచ్చు. కూడితే రెండు వందల శాతం! రెండు జవాబులూ నిజమే. పంపకాల లెక్క పెట్టాలనుకోవడంలోనే తప్పు ఉంది.

మనిషి స్వభావం గురించి మాట్లాడుకునే ప్రతిచోటా ఈ పంపకాల లెక్కే ఎదురవుతుంది. కోపం ఎంత శాతం వారసత్వం? తెలివి ఎంత శాతం పెంపకం? పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదన్న భాషలోనే, ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారనీ అన్నారు. మొక్కై వంగనిది మానై వంగునా అని కూడా అన్నారు. మూడూ అనుభవంలోంచి వచ్చిన మాటలే, మూడింటికీ ఆధారాలు ఉన్నాయి. ఏది ఎప్పుడు నిజమో తేల్చుకోవడానికి నూట యాభై ఏళ్లుగా జరుగుతున్న ప్రయత్నం నుంచి కొన్ని విషయాలు గట్టిగా తెలిశాయి. ఆ ప్రయత్నంలో ఘోరమైన తప్పులూ జరిగాయి.

పుట్టుక, పెంపకం అన్న జంట పదాలను శాస్త్ర చర్చలోకి తెచ్చింది ఇంగ్లండుకు చెందిన ఫ్రాన్సిస్ గాల్టన్. ఈ రెండింటినీ విడదీసి చూడటానికి కవలలు పనికొస్తారని 1875లో గుర్తించిందీ ఆయనే. ఫలదీకరణ చెందిన ఒకే అండం రెండుగా విడిపోతే పుట్టేవారు సమరూప కవలలు. వారి డీఎన్ఏ దాదాపు ఒకటే. రెండు అండాలు విడివిడిగా ఫలదీకరణ చెందితే పుట్టేవారు జన్యువుల రీత్యా మామూలు తోబుట్టువులే. మనుషుల మధ్య తేడా చూపే జన్యుభాగంలో సగటున సగం పంచుకుంటారు. రెండు రకాల కవలలూ ఒకే ఇంట్లో, ఒకే వయసులో కలిసి పెరుగుతారు. ఏదైనా లక్షణంలో మొదటి రకం వారి మధ్య పోలిక రెండో రకం వారికంటే ఎంత ఎక్కువగా కనిపిస్తే, ఆ తేడాల వెనుక జన్యువుల పాత్ర అంత ఎక్కువని లెక్కగడతారు. సమరూప కవలలను ఇంట్లోవాళ్లు కూడా ఒకేలా చూస్తారు కదా, పోలిక అందువల్లే వచ్చి ఉండవచ్చు కదా అనే అభ్యంతరం న్యాయమైనదే. పసితనంలోనే విడిపోయి వేర్వేరు ఇళ్లలో పెరిగిన కవలలను అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో థామస్ బౌచర్డ్ బృందం 1979 నుంచి పరిశీలించింది. వారి స్వభావాల్లోనూ గట్టి పోలికే కనిపించింది.

యాభై ఏళ్లపాటు ప్రపంచమంతటా జరిగిన కవలల అధ్యయనాలన్నిటినీ 2015లో ఒకచోట పోగుచేశారు. 2,748 పరిశోధనా పత్రాలు, 17,804 లక్షణాలు, కోటీ నలభై లక్షలకు పైగా జతలు. ఎత్తు, రక్తపోటు నుంచి బిడియం, కుంగుబాటు దాకా అన్నీ కలిపి సగటు తీస్తే 49 శాతం వచ్చింది. ఈ అంకెనే అనువంశికత అంటారు. పత్రికల్లోకి వచ్చేసరికి అది ‘మనిషి స్వభావంలో సగం జన్యువులదే’ అనే వాక్యంగా మారిపోతుంది. అనర్థమంతా ఆ వాక్యంతోనే మొదలవుతుంది.

అనువంశికత ఏ ఒక్క మనిషి గురించీ చెప్పదు. ఒక సమూహంలో మనుషులకూ మనుషులకూ మధ్య ఉన్న తేడాల్లో ఎంత భాగం జన్యువుల తేడాలతో ముడిపడి ఉందో చెబుతుంది, అంతే. చేతివేళ్లనే తీసుకోండి. మనకు పది వేళ్లు మొలిపించేది జన్యువులే. కానీ వేళ్ల సంఖ్యకు అనువంశికత చాలా తక్కువ. ఎందుకంటే తొమ్మిది వేళ్లున్న వాళ్లలో ఎక్కువమంది యంత్రంలోనో ప్రమాదంలోనో పోగొట్టుకున్నవారు. లక్షణం పూర్తిగా జన్యువుల నిర్మాణమే, దానిలోని తేడాలు మాత్రం బతుకు తెచ్చినవి. దీనికి తలకిందులైన ఊహ ఒకటి అమెరికా సామాజిక శాస్త్రవేత్త క్రిస్టఫర్ జెంక్స్ 1972లో చేశాడు. ఎర్రజుట్టు పిల్లలను బడికి రానివ్వని దేశం ఒకటి ఉందనుకుందాం. అక్కడ చదవడం రాకపోవడానికీ జుట్టు రంగు జన్యువుకూ గట్టి సంబంధం కనిపిస్తుంది. కవలల లెక్క వేస్తే చదవలేకపోవడం వారసత్వంగా వచ్చినట్టే తేలుతుంది. ఆ జన్యువు మెదడును తాకనైనా తాకలేదు. పని అంతా బడి గుమ్మం దగ్గర ఆపిన మనుషులది. అనువంశికత ఎక్కువగా ఉందని ఎవరైనా చెప్పినప్పుడల్లా నాకు మొదట గుర్తొచ్చేది ఆ గుమ్మమే.

అనువంశికత ఎక్కువైతే మార్పు అసాధ్యమనే భయమూ అలాంటిదే. సరైన పోషణ ఉన్నచోట ఎత్తు అనువంశికత 80 శాతం దాకా ఉంటుంది. అయినా దక్షిణ కొరియాలో 1896లో పుట్టిన స్త్రీలకూ 1996లో పుట్టినవారికీ సగటున 20 సెంటీమీటర్ల తేడా వచ్చింది. వందేళ్లలో అక్కడి జన్యువులేమీ మారిపోలేదు. తిండీ ఆరోగ్యమూ మారాయి. ఐక్యూ పరీక్షల్లోనూ ఇదే జరిగింది. 20వ శతాబ్దంలో చాలా దేశాల్లో సగటు ఫలితం పదేళ్లకు సుమారు మూడు పాయింట్ల చొప్పున పెరుగుతూ వచ్చిందని జేమ్స్ ఫ్లిన్ అనే పరిశోధకుడు 1980లలో చూపించాడు.

అసలు చిక్కుముడి దీని తర్వాత ఉంది. జన్యువులు ఒకవైపు, పరిసరాలు మరోవైపు నిలబడి మనిషిని చెరో చెయ్యి పట్టుకుని లాగుతాయనుకుంటాం. నిజానికి పరిసరాల్లో చాలా భాగం జన్యువుల గుండానే మన దగ్గరకు వస్తుంది. రాత్రి దీపం ఆర్పే వేళ ‘ఇంకొక్క పేజీ’ అని బతిమాలే పిల్లను గమనించండి. కథల మీద ఆమె ఇష్టానికి కొంత పుట్టుకతో వచ్చిన మొగ్గు కారణం కావచ్చు. కానీ ఆ ఇంట్లో పుస్తకాలు ఉన్నాయి. అవి ఉండటానికి కారణం చదువంటే ఇష్టమున్న తల్లిదండ్రులు, ఆమెకు జన్యువులు ఇచ్చిందీ వారే. ఆమె అడుగుతోంది కాబట్టి వాళ్లు ఇంకా చదివి వినిపిస్తారు. అడగని తమ్ముడికి అంతగా వినిపించరు. బడిలో ఉపాధ్యాయురాలు ఆమె ఆసక్తి చూసి మరో పుస్తకం చేతిలో పెడుతుంది. పదేళ్లు వచ్చేసరికి ఆమె గ్రంథాలయం దారి తానే వెతుక్కుంటుంది, తనలాంటి స్నేహితులనే ఏరుకుంటుంది. ఇరవయ్యేళ్లకు ఆమె పదసంపదను కొలిచి అందులో జన్యువుల వాటా ఎంత అని అడిగితే ఏం చెబుతాం? ఆ పుస్తకాలూ, ఆ గొంతులూ, ఆ స్నేహాలూ అన్నీ కవలల లెక్కలో జన్యువుల ఖాతాలోకే చేరిపోతాయి.

వయసుతోపాటు అనువంశికత పెరగడానికి ఇదొక ముఖ్య కారణమని పరిశోధకులు భావిస్తున్నారు. నాలుగు దేశాల్లోని 11,000 కవల జతల సమాచారంతో 2010లో వచ్చిన అధ్యయనం ప్రకారం, తెలివితేటల పరీక్షల్లో అనువంశికత తొమ్మిదేళ్ల వయసులో 41 శాతం, పన్నెండేళ్లకు 55 శాతం, పదిహేడేళ్లకు 66 శాతం. పెద్దయ్యేకొద్దీ అనుభవాలు పెరుగుతాయి కాబట్టి జన్యువుల ప్రభావం తగ్గాలి కదా అనిపిస్తుంది. కానీ పసివాడి పరిసరాలను ఇతరులు ఎంచుతారు, పెద్దవాడు తానే ఎంచుకుంటాడు. ఎంచుకునే స్వేచ్ఛ పెరిగేకొద్దీ మొగ్గుకు తగిన లోకం అతని చుట్టూ కూడుకుంటుంది.

ఐస్‌లాండ్‌లో 2018లో జరిగిన పరిశోధన ఈ ముడిని మరింత అందంగా చూపించింది. ప్రతి జన్యువుకూ తల్లి దగ్గర రెండు ప్రతులుంటాయి, తండ్రి దగ్గరా రెండు ఉంటాయి. బిడ్డకు చెరొకటి ఇస్తారు, ఒక్కొక్కటి వారి దగ్గరే మిగిలిపోతుంది. అలా బిడ్డకు అందని ప్రతుల ఆధారంగా ఆ బిడ్డ చదువును అంచనా వేయగలమా? జన్యువులు బిడ్డ శరీరం లోపలి నుంచే పనిచేసేటట్లయితే వేయలేకపోవాలి. కాని వేయగలిగారు. అందిన జన్యువులకు ఎంత ప్రభావం కనిపించిందో, అందని వాటికీ అందులో సుమారు 30 శాతం కనిపించింది. బిడ్డలో లేని జన్యువు తల్లిదండ్రుల ప్రవర్తనను, తద్వారా ఇంటి వాతావరణాన్ని మలిచి, బిడ్డ దాకా వచ్చిందన్నమాట.

ఒక్కో లక్షణానికి ఒక్కో జన్యువు ఉంటుందని ఒకప్పుడు ఆశపడ్డారు. మెదడులో సెరటోనిన్ అనే రసాయనం రవాణాకు సంబంధించిన ఒక జన్యువులో పొట్టి రూపం ఉన్నవారు కష్టాలు వచ్చినప్పుడు తేలికగా కుంగిపోతారని 2003లో ప్రకటించారు. దాని మీద వందల పత్రాలు వచ్చాయి, ‘కుంగుబాటు జన్యువు’ అనే పేరు జనం నోట్లోకి వచ్చింది. 2019లో లక్షల మంది సమాచారంతో కుంగుబాటుకు సంబంధం ఉందని పేరుపడిన 18 జన్యువులను పరీక్షిస్తే, కళ్లు మూసుకుని ఏరిన జన్యువుల కంటే అవి ఏ రకంగానూ మెరుగు కాలేదు. ఆ జన్యువు తమలో ఉందని తెలిసి భయంతో బతికినవారిని తలచుకుంటే బాధగా ఉంటుంది. ఇప్పుడు తేలిందేమిటంటే, మానసిక లక్షణాల వెనుక వేల జన్యు తేడాలు ఉంటాయి, ఒక్కొక్కదాని ప్రభావం నలుసంత. ఎంతకాలం చదువుకుంటారనే విషయంపై 30 లక్షల మంది డీఎన్ఏను 2022లో పరిశీలిస్తే 3,952 చోట్ల సంబంధం కనిపించింది. అన్నీ కలిపినా మనుషుల మధ్య తేడాల్లో వివరించగలిగింది 12 నుంచి 16 శాతం. అందులోనూ కొంత భాగం ఐస్‌లాండ్ పరిశోధన చూపిన రకానిది. పిండాల డీఎన్ఏ చూసి తెలివైన బిడ్డను ఎంచి ఇస్తామనేవారి మాట వినేముందు ఈ అంకెలు గుర్తుంచుకోవడం మంచిది.

ఒకే జన్యువు ఫలితం కాలంతోపాటు ఎలా మారుతుందో చూడాలంటే జపాన్ వైపు చూడాలి. తూర్పు ఆసియాలో ఎందరికో ఏఎల్‌డీహెచ్2 అనే జన్యువులో ఒక మార్పు ఉంటుంది. మద్యం ఒంట్లో విరిగేటప్పుడు పుట్టే విషపదార్థాన్ని అది తొందరగా తొలగించలేదు. ఒక గ్లాసు తాగితేనే ముఖం ఎర్రబడుతుంది, గుండె దడదడలాడుతుంది, వికారం మొదలవుతుంది. కాబట్టి ఈ మార్పు ఉన్నవారు తాగుడుకు బానిసలు కావడం చాలా అరుదు. కానీ ఎంత అరుదు? జపాన్‌లో పరిశీలించిన 1,300 మంది మద్య వ్యసనపరులలో ఈ మార్పు ఒక ప్రతిలో ఉన్నవారు 1979లో 2.5 శాతం, 1986లో 8 శాతం, 1992లో 13 శాతం. పదమూడేళ్లలో జన్యువులు మారవు. దేశంలో తాగుడు పెరిగింది. ఒళ్లు వద్దంటున్నా తాగే అలవాటు పాకింది. ఆ కవచం ఎంత కాస్తుందన్నది చుట్టూ ఉన్నవారి చేతుల్లోకి పోయింది. రెండు ప్రతుల్లోనూ మార్పు ఉన్నవారు మాత్రం ఆ 1,300 మంది రోగుల్లో ఒక్కరూ లేరు. కొన్నిచోట్ల జన్యువు మాట గట్టిగానే చెల్లుతుంది. అదీ ఒప్పుకోవాలి.

పరిసరాల మాట చెల్లే చోట్లూ అంత గట్టివే. రొమేనియాలో నియంత చౌషెస్కూ పాలన 1989లో ముగిసేసరికి లక్ష మందికి పైగా పిల్లలు ప్రభుత్వ ఆశ్రమాల్లో ఉన్నారు. తిండి పెట్టేవారు ఉన్నారు, ఎత్తుకునేవారు లేరు. ఏడ్చినా ఎవరూ రారని తెలిసి ఏడుపు మానేసిన పసివాళ్లను చూశామని అక్కడికి వెళ్లినవారు రాశారు. 2000లో బుఖారెస్ట్‌లో 136 మంది పసిపిల్లలను చీటీలు తీసినట్లుగా రెండు జట్లు చేసి, ఒక జట్టును పెంపుడు కుటుంబాలకు పంపారు. పెంపుడు కుటుంబాల పద్ధతి అప్పటికి అక్కడ దాదాపుగా లేదు, వాటిని ఈ పరిశోధన కోసమే సిద్ధం చేశారు. నాలుగున్నరేళ్ల వయసులో ఆశ్రమంలో ఉండిపోయిన జట్టు సగటు ఐక్యూ 73, కుటుంబాలకు వెళ్లిన జట్టుది 81, మొదటి నుంచీ సొంత ఇళ్లలో పెరిగిన పిల్లలది 109. రెండేళ్లు నిండకముందే కుటుంబానికి చేరినవారు ఎక్కువగా కోలుకున్నారు. చీటీ పడని పిల్లల గురించి తలచకుండా ఈ అంకెలు చదవడం నాకు చేతకాదు. మొక్కై వంగనిది అన్న సామెతకు ఇంతకంటే బలమైన సాక్ష్యం, ఇంతకంటే ఖరీదైన సాక్ష్యం మరొకటి ఉండదు.

అయితే, మామూలు ఇళ్ల మధ్య తేడాలు ఇంత లోతుగా పనిచేస్తాయని చెప్పలేం. దత్తతకు వెళ్లిన పిల్లలు పెద్దయ్యాక పెంచిన తల్లిదండ్రులకంటే కన్నవారికే స్వభావంలో దగ్గరగా ఉంటారు. ఆకలి, హింస, నిర్లక్ష్యం వంటివి బిడ్డను విరిచేస్తాయి. పుస్తకం ఏ వయసులో ఇచ్చారు, మాట ఎంత గట్టిగా అన్నారు వంటివి స్వభావాన్ని పెద్దగా తిప్పలేవు. బిడ్డ మానసిక సమస్యకు తమ పెంపకమే కారణమని రాత్రిళ్లు నిద్రపోని తల్లిదండ్రులకు ఈ మాట ఎవరూ సరిగా చెప్పడం లేదు. 1950లు, 60లలో ఆటిజానికి కారణం తల్లి మనసులోని చల్లదనమేనని వైద్యులే అన్నారు, ఆ తల్లులకు ‘రిఫ్రిజిరేటర్’ అని పేరు పెట్టారు. 1977లో సుసాన్ ఫోల్‌స్టీన్, మైఖేల్ రట్టర్ 21 కవల జతలను పరిశీలించారు. పదకొండు సమరూప జతల్లో నాలుగింట ఇద్దరికీ ఆటిజం ఉంది. మిగతా పది జతల్లో ఒక్కచోటా అలా లేదు. తల్లుల మీది నింద అక్కడి నుంచి వీగిపోవడం మొదలైంది.

పుట్టుకనే నమ్మినవారు చేసిన కీడు ఇంకా పెద్దది. ‘మంచి వంశాలను’ పెంచాలనే ఉద్యమానికి 1883లో యూజెనిక్స్ అని పేరు పెట్టింది గాల్టనే. 1927లో అమెరికా సుప్రీంకోర్టు మందబుద్ధులుగా ముద్రపడినవారికి బలవంతంగా సంతాన నిరోధక శస్త్రచికిత్స చేయవచ్చని తీర్పు ఇచ్చింది. అక్కడ 60 వేల మందికి పైగా బలయ్యారు. 1933 చట్టంతో నాజీ జర్మనీ సుమారు నాలుగు లక్షల మందికి ఆ గతి పట్టించింది.

జన్యువులూ ఇల్లూ రెండూ ఒకటే అయినా మనుషులు ఒకటి కారు. సమరూప కవలల్లో ఒకరికి స్కిజోఫ్రీనియా అనే తీవ్ర మానసిక వ్యాధి వస్తే, కనీసం సగం జతల్లో రెండోవారికి రాదు. జర్మనీలో 2013లో ఒక పరిశోధన బృందం జన్యుపరంగా ఒకేలా ఉన్న 40 ఎలుకలను అంతస్తులున్న విశాలమైన ఒకే బోనులో మూడు నెలలు ఉంచింది. ప్రతి ఎలుక కదలికనూ నమోదు చేశారు. మొదట్లో అన్నీ ఇంచుమించు ఒకేలా తిరిగాయి. వారాలు గడిచేకొద్దీ కొన్ని బోనంతా కలియతిరగసాగాయి, కొన్ని ఒక మూలకే పరిమితమయ్యాయి. ఎక్కువగా తిరిగిన ఎలుకల మెదడులో, జ్ఞాపకాలకు ఆధారమైన హిప్పోకాంపస్‌లో కొత్త నాడీకణాలు ఎక్కువగా పుట్టాయి. మొదటి రోజుల్లో ఎటు అడుగు వేశామన్న చిన్న తేడా మరుసటి అడుగును, ఆ అడుగు మెదడును మారుస్తూ పోయిందన్నమాట. కవలల అధ్యయనాల్లో జన్యువులకూ, ఉమ్మడి ఇంటికీ అందకుండా మిగిలిపోయే పెద్ద భాగం ఇలాంటి చిన్న తేడాలదీ, పిండదశలోనే కణాల అమరికలో జరిగే యాదృచ్ఛికాలదీ కావచ్చు. దీనికి ఎవరినీ మెచ్చుకోలేం, ఎవరినీ తప్పు పట్టలేం.

ఫినైల్‌కీటోన్యూరియా కథ మడమ పరీక్షతో ముగియలేదు. మెదడు ఎదుగుదల ముఖ్యభాగం పూర్తయింది కదా అని చాలామంది పిల్లలకు బడి వయసులోనే పత్యం మాన్పించేవారు. తెలివిగా, ఆరోగ్యంగా ఎదిగిన ఆ అమ్మాయిలు పెళ్లిళ్లు చేసుకుని తల్లులయ్యారు. బిడ్డలకు తండ్రి నుంచి మంచి జన్యువు అందింది కాబట్టి వారికి ఆ జబ్బు లేదు. అయినా ఎందరో చిన్న తలలతో, మందబుద్ధితో, గుండె లోపాలతో పుట్టారు. మామూలు తిండి తింటున్న తల్లి రక్తంలో పేరుకున్న ఫినైల్అలనిన్ మాయను దాటి, కడుపులోని బిడ్డ మెదడును తాకింది. తల్లికి జన్యువైనది బిడ్డకు పరిసరమైంది. గర్భం దాల్చక ముందే తిరిగి పత్యం మొదలుపెట్టి, నెలలు నిండేదాకా రక్త పరీక్షలు చేయించుకుంటూ జాగ్రత్తగా ఉన్న తల్లుల పిల్లలు ఆరోగ్యంగా పుడుతున్నారు. అందుకే ఇప్పుడు ఆ పత్యాన్ని జీవితాంతం పాటించమంటున్నారు.